ఉపగ్రహం చూసేదీ నీటి రంగే

ఇన్‌కాయిస్ ఎక్కడుంది? అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గరో చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీదో గ్రూప్స్‌కి చదివే ఎవరిని అడిగినా హైదరాబాద్ అని తడుముకోకుండా చెబుతారు. బిట్ వస్తే మార్కు ఖాయం. సముద్రమే లేని ఊళ్లో అది ఏం చేస్తుందో తెలుసుకునేంత తీరిక వాళ్లకెక్కడిది!

1999లో పుట్టిన ఈ సముద్ర సమాచార సంస్థ ప్రగతినగర్‌లో ఉంది. సునామీ హెచ్చరికలతో పేరొచ్చింది గానీ, మత్స్యకారులకు అది చెప్పే చేపల జాడ అంతకన్నా ఆసక్తికరం. ఉపగ్రహం నీటి పైపొర వేడిని, రంగును కొలుస్తుంది. చల్లని నీరూ వెచ్చని నీరూ ఒరుసుకునే చోట పోషకాలు పోగుపడి, వృక్ష ప్లవకాలనే కంటికి ఆనని నాచు పెరుగుతుంది. దాని పత్రహరితంతో నీలం నీరు పచ్చబారుతుంది. అక్కడికి కవ్వలు, కానాగంతలు చేరతాయి, వాటి వెనకే పెద్ద చేపలు. రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరం, ఎంత లోతు అన్న వివరాలు తెలుగులోనే తీరానికి అందుతాయి.

తమాషా ఏమిటంటే, వేటలో తలపండినవాళ్లు తరతరాలుగా చూస్తున్నదీ నీటి రంగునే, దాని మీద వాలే పక్షులనే. 2022లో ఎగిరిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం ఆ చూపుకే అంకెలు కట్టింది.

అనుభవం చూపూ శాస్త్రం చూపూ ఒకసారి గట్టిగా ఢీకొన్నాయి, అలాస్కాలో. 1977లో బోహెడ్ తిమింగలాలు మహా అయితే రెండు వేలే మిగిలాయన్న అంచనాతో అంతర్జాతీయ తిమింగల కమిషన్ వేటను నిషేధించింది. అక్కడి ఆదివాసులైన ఇనుపియాట్ వేటగాళ్లు ఒప్పుకోలేదు. మీరు మంచు అంచున కూర్చుని, తెరిపి నీటిలో పోయేవాటినే లెక్కపెడుతున్నారు, అవి మంచు కింద నుంచీ పోతాయి, తలతో మంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి అన్నారు. శాస్త్రవేత్తలు నీళ్లలోకి మైకులు దించి విన్నారు. కంటికి కనిపించని తిమింగలాల పిలుపులు మంచు కింద నుంచి వినిపించాయి. లెక్క మారింది. 2001 నాటికి అంచనా సుమారు 10,000. అందులో నిజంగా పెరిగినవీ ఉన్నాయి. వేటగాళ్ల మాటనే నమ్మి ఊరుకున్నా అంకె వచ్చేది కాదు, మైకును ఎక్కడ దించాలో వాళ్లు చెప్పకపోయినా వచ్చేది కాదు.

మన దగ్గర హైదరాబాద్ నుంచి తీరానికి సమాచారం బాగానే పోతోంది. తిరిగి రావలసింది చేప దొరికిందా లేదా అన్న జవాబు ఒక్కటే కాదని నా అభిప్రాయం. దొరకకపోతే ఎందుకు దొరకలేదో వలవేసినవాడికి ఒక ఊహ ఉంటుంది. ఉపగ్రహం చూసేది పైపొరనే, వల దిగేది లోతుకి.

పైగా మబ్బు పడితే ఆ కన్ను మూతపడినట్టే. తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. సరిగ్గా అప్పుడే నైరుతి మబ్బులు కమ్ముతాయి.