ఉద్యోగమునకు మరలిన తల్లి: స్తన్యమును గూర్చిన అపోహలు, వాస్తవములు

ప్రసూతి సెలవు ముగియవచ్చినదనగానే ఇంటనున్న పెద్దలు తల్లికి చెప్పు మాట యొకటి కలదు: "డబ్బాపాలు అలవాటు చెయ్యమ్మా, నువ్వు పనిలోకి పోతే నీ పాలు ఎలాగూ ఇంకిపోతాయి." ప్రేమతో పలికిన పలుకే యైనను, ఇది ఎందరు శిశువులకు అకారణముగా తల్లిపాలను దూరము చేసినదో తలంచినచో మనస్సు కలతపడును.

ఈ అపోహకు మూలము, స్తన్యము కుండలోని నీటివలె నిలువయుండి వాడినకొలది తరుగునని భావించుట. కావుననే, పగలంతయు పిండక దాచుకొనినచో సాయంకాలమునకు బిడ్డకు సమృద్ధిగా నుండునని కొందరు తల్లులు నొప్పిని ఓర్చుకొని పనిలో కూర్చుందురు. వాస్తవము దీనికి విపరీతము. బిడ్డ చన్ను చీకినపుడు తల్లి పీయూషగ్రంథినుండి ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అను హార్మోనులు వెలువడును. మొదటిది పాలను ఉత్పత్తి చేయించును, రెండవది ఆ పాలను చేపునకు తెచ్చును. తీసినకొలది క్రొత్తపాలు ఊరును. తీయక గంటలకొలది నిండి బిగిసిన రొమ్ము తన ఉత్పత్తిని తానే మందగింపజేసికొనును, గడ్డకట్టి జ్వరమునకును దారితీయవచ్చును. కనుక పాలు తగ్గుటకు హేతువు ఉద్యోగము కాదు, ఇంచుమించు మూడేసి గంటల కొకమారు పంపుతోనో, యంత్రమే లేని కూలితల్లియైనచో కడిగిన చేతితోనో పాలు తీయుటకు వ్యవధియు తావును లేకపోవుట.

ఆ వ్యవధి యొకరి దయాధర్మము కాదు. 1961నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే బిడ్డకు 15 నెలలు నిండువరకు దినమునకు రెండు విరామములను తల్లికి హక్కుగా నొసగెను. 2017నాటి సవరణ 26 వారముల సెలవును, 50 మందికి తక్కువగాని ఉద్యోగులున్న సంస్థలలో శిశుసంరక్షణ గృహమును, దినమునకు నాలుగుమార్లు అచటికి పోవు అవకాశమును చేర్చెను. ఇట్లుండగా తల్లి మరుగుదొడ్డిలో నిలిచి పాలు పిండుకొనవలసివచ్చుట బిడ్డ ఆహారమునకే అవమానమని నా దృఢాభిప్రాయము.

పంపులో పడిన పాలే తన పాలకు కొలతయని దిగులుపడు తల్లులు పెక్కురు. యంత్రము బిడ్డవలె చీకలేదు; కొందరికి యంత్రముతో పాలు చేపునకే రావు. బిడ్డ బరువు పెరుగుచు, దినమునకు ఆరుమార్లకు తక్కువగాక మూత్రము పోయుచున్నచో పాలు చాలుచున్నవని గ్రహింపవలెను.

తీసియుంచిన పాలపై మీగడ తేలి, అడుగు పలుచనై నీలిచాయ దేలగానే "విరిగిపోయాయి" అని పారబోయుదురు. అవి చెడినవి కావు. మెల్లగా త్రిప్పినచో కలిసిపోవును. ఆవుపాలవలె కాచుటయు తగదు. గోరువెచ్చని నీటిలో పాత్రనుంచి వెచ్చజేసిన చాలును. 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్జులో నాలుగు దినములు నిలువయుండును. మన వేసవిలో గది అంత చల్లగా నుండదు గావున ఐసు సంచి తప్పనిసరి.

పాలసొర, మునగాకు, వెల్లుల్లి, మెంతులు తల్లికి పుష్టినిచ్చునవియే. కాని పాలు తీయక ఇవి మాత్రమే తినినందున పాలు పెరుగవు. బాలింతకు దాహమైనపుడు నీరు నిరాకరించుట మాత్రము కేవలము క్రూరము.

ప్రొలాక్టిన్ రాత్రివేళ అధికముగా నుండును గనుక, ఇల్లుచేరిన పిమ్మట రాత్రియు, సెలవు దినములందును, బిడ్డను తరచుగా రొమ్మున నుంచినచో, పనిదినములలో కొంత తగ్గిన పాలు సైతము సాధారణముగా మరల పెరుగును.