బంగారు రికార్డులో మన పలుకు, కొంగల గూడు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే షాంటిలీ తెలుగువాళ్లు చూపించే చోట్లలో ఉద్వార్-హేజీ మ్యూజియం ఒకటి. అక్కడ డిస్కవరీ స్పేస్ షటిల్ ముందు ఫొటో దిగాల్సిందే. అది అంతరిక్షానికి వెళ్లి తిరిగొచ్చిన నౌక. వెళ్లి ఇక తిరిగిరాని రెండు నౌకల్లో మన తెలుగు కూడా ఉందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

1977లో నాసా పంపిన వోయేజర్ 1, 2 నౌకల్లో బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒక్కొక్కటి ఉంది. కార్ల్ సేగన్ బృందం కూర్చిన ఈ రికార్డులో 55 భాషల పలకరింపులు, 27 సంగీత ఖండికలు ఉన్నాయి. ఆ భాషల్లో తెలుగు ఒకటి. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు తెలిపే గొంతు కొన్ని సెకన్లు వినిపిస్తుంది.

చాలా ఏళ్లు ఈ రికార్డు గురించి చదవడమే తప్ప ఇంట్లో పెట్టుకుని వినే వీలు పెద్దగా లేదు. నౌకలు వెళ్లి 40 ఏళ్లయిన సందర్భంగా ఓజ్మా రికార్డ్స్ సంస్థ 2017లో దీన్ని తిరిగి విడుదల చేసింది. మరుసటి ఏడాది ప్యాకేజీ విభాగంలో దీనికి గ్రామీ వచ్చింది.

మొదట తెలుగు కోసమే వింటాం. వదలకుండా పట్టుకునేది మాత్రం జపాన్ ఖండిక. షకుహాచీ అనే వెదురు వేణువు మీద గోరో యమగుచి వాయించిన 'త్సురు నో సుగోమోరి', అంటే గూట్లో కొంగలు. 1960ల చివర్లో అమెరికా వచ్చి వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఈ వాద్యం నేర్పిన విద్వాంసుడాయన. దాదాపు 5 నిమిషాలు తాళం లేదు, పక్కవాద్యం లేదు. ఊపిరి, నడుమ నిశ్శబ్దం. ఆలాపన విన్న మన చెవికి ఇది పరాయిగా అనిపించదు. పిల్లల్ని సాకి, రెక్కలొచ్చాక ఎగరనిచ్చే కొంగల ప్రేమ ఇందులో ఉందంటారు.

ఇక్కడ స్థిరపడ్డ ప్రతి ఇంటి కథా ఇదే. మనం ఒక గూడు విడిచి వచ్చాం. రేపు పిల్లలు కాలేజీకని ఈ గూడు విడుస్తారు. తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్లలు ఎన్ని ఇళ్లలో లేరు? వాళ్ల వెంట ఎంత తెలుగు వెళ్తుందన్నదే దిగులు.

వోయేజర్‌లో వెళ్లిన తెలుగు ఒక్క చిన్న పలకరింపు. అంతపాటి మాట పిల్లల చేత పలికించడం ఏ ఇంటికీ భారం కాదు. ఈ వారాంతం ఆ పలకరింపు, ఆ వేణువు వినిపించండి. 'నువ్వయితే తెలుగులో ఏం చెప్పి పంపుతావు?' అని అడగండి. ఆ జవాబు ఫోన్లో రికార్డు చేసి ఊళ్లో ఉన్న అమ్మమ్మకో, తాతయ్యకో పంపండి. నక్షత్రాల నుంచి బదులు ఎప్పుడొస్తుందో గానీ, అక్కడి నుంచి ఆ పూటే వస్తుంది.