కెన్యా అడవికి జూన్‌లో వెళ్లేవారికి

కెన్యాలో పెద్ద వానలు మార్చిలో మొదలై మే నెలాఖరుకు తగ్గుతాయి. జూన్‌లో మనం తొలకరి కోసం ఆకాశం వంక చూస్తుంటే, అక్కడ మసాయి మారా మైదానం పచ్చగా వుంటుంది. నైరోబీలో వున్న పిల్లల దగ్గరకు వెళ్లి, పనిలో పనిగా జంతువులను చూసి రాదలచిన తల్లిదండ్రులు కొన్ని సంగతులు గమనించాలి.

జూలై, ఆగస్టులతో పోలిస్తే జూన్‌లో రద్దీ తక్కువ, బస ఖర్చూ తక్కువే. కాని గడ్డి ఏపుగా వుంటుంది. అందులో పడుకున్న సింహం దగ్గరగా వున్నా కనిపించదు. నేల చాలాచోట్ల మన నల్లరేగడి వంటిదే. తడిస్తే బండి దిగబడుతుంది. నాలుగు చక్రాలూ లాగే జీపునే మాట్లాడుకోవాలి. విల్డెబీస్ట్ మందలు మారా నది దాటడం చూడాలంటే మాత్రం జూలై దాకా ఆగవలసిందే.

అన్నిటికంటె ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. ఆ పత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే, మన విమానాశ్రయంలో ఆపి 6 రోజుల వరకు విడిగా వుంచవచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. 60 ఏళ్లు దాటినవారు ముందుగా డాక్టరును అడగాలి.

వానలు వెలిశాక దోమలు ఎక్కువ. డాక్టరు ఇచ్చిన మలేరియా మాత్రలను ఇంటికి వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మింగాలి. తరువాత జ్వరం వస్తే, ఆఫ్రికా వెళ్లివచ్చిన సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఒక్క మాట ప్రాణం నిలుపుతుంది.