అరావా ఇనిస్టిట్యూట్: ఒకే క్యాంపస్‌లో ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు.. కలిపింది నీళ్లే!
నీళ్లకు చెక్‌పోస్టులు ఉండవు! వెస్ట్‌బ్యాంక్‌ కొండల కింది భూగర్భ జలాన్నే ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు ఇద్దరూ తోడుకుంటున్నారు. నాబ్లస్‌ మురుగు ఏళ్ల తరబడి వాగులో కలిసి, ఇజ్రాయెల్‌ మీదుగా సముద్రంలోకి వెళ్లింది. ఒక్కరు శుభ్రం చేస్తే పోయేది కాదది.

ఇజ్రాయెల్‌ దక్షిణ ఎడారిలోని కెతురాలో 1996లో మొదలైన అరావా ఇనిస్టిట్యూట్ పట్టుకున్న పాయింట్ ఇదే. యూదులు, పాలస్తీనీయులు, జోర్డాన్‌ విద్యార్థులు ఒకేచోట ఉంటూ మురుగు శుద్ధి, సోలార్‌ కరెంటు గురించి చదువుతారు. ఇంతవరకూ ఈజీనే. అసలు పరీక్ష వేరే ఉంది.. భూమి, ఆక్రమణ, యుద్ధం గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సెషన్లు. వాటికీ రావాల్సిందే!

2023 అక్టోబర్‌ 7 తర్వాత ఆ మాటలు మరీ కష్టమయ్యాయి. అయినా సంస్థ వెనక్కి తగ్గలేదు. పాలస్తీనా సంస్థ ‘దమూర్‌’తో కలిసి గాజా నిర్వాసితుల శిబిరాలకు తాగునీరు, పారిశుద్ధ్యం ఏర్పాట్లలోకి దిగింది.