క్రియాంతమున దాగిన కర్త

స్పానిష్ భాష నేర్వగోరువారు మొట్టమొదట జంకునది క్రియారూపముల పట్టికను చూచియే. ఒక్క క్రియకు వర్తమానకాలముననే ఆరు రూపములు! ఆంగ్లములో ఇంత శ్రమ లేదు గదా యని వారనుకొందురు. కాని తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. 'రేపు వచ్చెదను' అన్నచో వచ్చువారెవరని మనమడుగము. చివరనున్న 'ను' యే కర్తను తెలుపుచున్నది. స్పానిష్ క్రియయు ఇట్లే నడచును.

నిఘంటువులో స్పానిష్ క్రియలు 'ఆర్', 'ఏర్', 'ఈర్' అను మూడు అంతములతో కనబడును. లాటిన్ భాషలో నాలుగుగా నున్న క్రియాగణములు ఇచట మూడైనవి. ఆ అంతమును తొలగించి, మిగిలిన ధాతువునకు పురుషను, వచనమును తెలుపు ప్రత్యయమును చేర్పవలెను.

'అబ్లార్' అనగా మాటలాడుట. దీనిని హకారముతో వ్రాయుదురు గాని పలుకరు. మనము దీర్ఘముతో వ్రాసినచోట ఊనిక నుంచవలెను. 'ఆబ్లొ' అనగా మాటలాడుచున్నాను, 'ఆబ్లస్', మాటలాడుచున్నావు, 'ఆబ్ల', మాటలాడుచున్నాడు, 'అబ్లామొస్', మాటలాడుచున్నాము, 'అబ్లాయిస్', మీరు మాటలాడుచున్నారు, 'ఆబ్లన్', వారు మాటలాడుచున్నారు.

తినుటకు 'కొమేర్'. దాని రూపములు కోమొ, కోమెస్, కోమె, కొమేమొస్, కొమేయిస్, కోమెన్. వ్రాయుటకు 'ఎస్క్రిబీర్'. ఇదియు 'కొమేర్' వలెనే నడచును. 'ఎస్క్రిబీమొస్', 'ఎస్క్రిబీస్' అను రెండుచోట్ల మాత్రమే భేదము. 'ఎస్క్రీబొ' అన్న ఒక్క మాట సందర్భమునుబట్టి 'వ్రాయుచున్నాను' అనియు, 'వ్రాయుదును' అనియు అర్థమిచ్చును.

కర్త క్రియలోనే యున్నందున 'నేను' అనుటకు గల 'యో' అను పదమును ప్రతి వాక్యమునను చేర్చుట అనవసరము. 'నేను వ్రాయుచున్నాను, అతడు చదువుచున్నాడు' అని వేరుపరచి నొక్కి చెప్పునప్పుడే అది శోభించును. ఆంగ్లము మీదుగా స్పానిష్ నేర్చువారు తరచుగా తప్పునది ఇచటనే.

రెండు విషయములలో మనము మెలకువగా నుండవలెను. 'మాటలాడుచున్నాడు', 'మాటలాడుచున్నది' అను భేదము స్పానిష్ క్రియలో లేదు. రెంటికిని 'ఆబ్ల' యే. సందేహము కలుగుచోట సర్వనామము చేర్పవలసినదే. ఇక గౌరవము. పెద్దలను సంబోధించు 'ఉస్తెద్' అను పదముతో మధ్యమపురుష గాక ప్రథమపురుష క్రియ వచ్చును. ఎదుటనున్నవారినే 'దొరగారు ఏమి సెలవిచ్చుచున్నారు?' అని మనవారడిగిన తీరు ఇట్టిదే. అమెరికా ఖండములలోని స్పానిష్ దేశములలో 'మీరు' అనుటకు 'అబ్లాయిస్' వాడరు; అచట 'మీరు', 'వారు' రెంటికిని 'ఆబ్లన్' చాలును. తెలుగులో రెంటికిని 'మాటలాడుచున్నారు' చాలినట్లే.

చెవికి ముఖ్యమైనది ఊనిక. 'ఆబ్లొ' అనగా నేను మాటలాడుచున్నాను. ఊనికను చివరకు జరిపి 'అబ్లో' అన్నచో అతడు మాటలాడెను అని యర్థము. అక్షరములు మారలేదు, మనిషియు మారెను, కాలమును మారెను. కనుక ఈ రూపములను కంటితో చదివి ఊరకుండరాదు. పైకి పలికి అభ్యసింపవలెను.

ఉండుట, పోవుట మొదలగు అర్థములుగల కొన్ని క్రియలు ఈ క్రమమునకు లొంగవు. వానిని పిమ్మట చూచుకొనవచ్చును. ఇప్పటికి పాడుట యను అర్థముగల 'కంతార్' ను గ్రహించి, 'పాడుచున్నాము' అనుటకు ఏమనవలెనో పట్టిక చూడక చెప్పుడు. 'కంతామొస్' అని నోట వచ్చినచో పాఠము పట్టువడినట్లే.