కంప్యూటరు విద్యుత్పెట్టె: దాని కట్టుబడిని పరీక్షించు విధము

కంప్యూటరు కొనదలచినవారు దాని వేగమెంత, తెర యెంత వెడల్పని నాలుగు దుకాణములు తిరిగి విచారింతురు. ఆ యంత్రమున కంతటికిని విద్యుత్తు నందించు చిన్న యినుపపెట్టెను గూర్చి యడుగువా రరుదు. దుకాణదారులు దానిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. గోడనుండి వచ్చు 230 వోల్టుల ఏ.సి. ప్రవాహమును 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చుట దాని పని. నాసిరకపు పెట్టె చెడునపుడు ఒక్కొక్కసారి మదరుబోర్డును, హార్డుడిస్కును గూడ చెరచును. పిల్లల చదువునకై కష్టార్జితమును వెచ్చించు తలిదండ్రులకు ఇది స్వల్పనష్టము కాదు.

కొన్ని పెట్టెలపై ‘80 ప్లస్’ అను ముద్ర యుండును. ఈ పద్ధతి 2004లో అమెరికాయందు ఆరంభమైనది. గోడనుండి తీసికొన్న విద్యుత్తులో నూటికి 80 పాళ్లకు తక్కువ గాకుండ యంత్రమునకు చేర్చవలయునని దాని మూలనియమము. పిమ్మట బ్రాంజి, సిల్వరు, గోల్డు, ప్లాటినము, టైటేనియము అను మెట్లు చేరినవి. యంత్రమునకు 100 వాట్లు కావలె ననుకొందము. 80 పాళ్ల పెట్టె 125 వాట్లు లాగును. 90 పాళ్లది 111 వాట్లు లాగును. దినమునకు 6 గంటల వంతున 200 దినములు నడచు 20 యంత్రములు గల పాఠశాలలో ఈ భేదము ఏటికి సుమారు 330 యూనిట్లగును.

ఈ పొదుపుకంటె వేడిమి తగ్గుటయే ముఖ్యమని నా తలంపు. మొదటి పెట్టెలో 25 వాట్లు వృథాగా వేడియగును. రెండవదానిలో 11 మాత్రమే. లోపలి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో ద్రవముండును. వేడిమి 10 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల వాని యాయువు ఇంచుమించు సగమగును. అందుచేత 85 డిగ్రీల కండెన్సర్లకంటె 105 డిగ్రీలవి మేలు. ‘80 ప్లస్’ పరీక్ష సుమారు 23 డిగ్రీల గదిలో జరుగును. బాన్సువాడలో మేనెల యెండ 40 డిగ్రీలు దాటును. అదియుగాక, ఆ ముద్ర విద్యుత్తు వృథాను గూర్చి సాక్ష్యమిచ్చునే గాని, టంకము, తీగలు, పంకా ఎన్నేండ్లు నిలుచునో చెప్పదు.

కట్టుబడిని చూచుటకు పెట్టెను విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను పెద్ద కండెన్సరులో 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. విద్యార్థులు దీనిని మరువరాదు. వెలుపలినుండియే చాలసంగతులు తెలియును. మొదట చీటీ చదువుడు. పైన 450 వాట్లని పెద్దయక్షరములుండి, 12 వోల్టుల గడిలో 15 ఆంపియర్లే యున్నచో, 12×15 = 180 వాట్లు మాత్రమే యచట లభించును. నేటి యంత్రములు ముఖ్యముగా తినునది ఆ 12 వోల్టుల శక్తినే. పిదప చేతబట్టి బరువు చూడుడు. చౌకపెట్టె తేలికగా నుండును. వెనుక 115, 230 అని మార్చు ఎఱ్ఱని మీటయున్నచో అది ప్రాయికముగా పాతపద్ధతిది. మల్టీమీటరు గలవారు యంత్రము పనిచేయుచుండగా కొలువవచ్చును. 12 వోల్టుల తీగ 11.4కు తగ్గరాదు, 12.6ను మించరాదు, 5 వోల్టులది 4.75కును 5.25కును నడుమ నుండవలెను.

ఇక నొక విపరీతము. మంచి పెట్టె ముఖద్వారమున చుట్టలు, చిన్న కండెన్సర్లు గల వడపోత భాగముండును. ఆ కండెన్సర్లనుండి స్వల్పప్రవాహము ఎర్తు తీగలోనికి పోవును. గోడలో ఎర్తు లేనిచో అది యినుపకవచమునకు చేరి, ముట్టినవారికి చురుక్కుమనును. వడపోతనే తీసివేసి అమ్మిన నాసిరకపు పెట్టె కొన్నియెడల చురుక్కుమనదు! జనులు మంచిదానిని నిందించి చెడ్డదానిని మెచ్చుకొందురు. కావున అట్టి పెట్టెను దుకాణమునకు త్రిప్పి పంపుటకు ముందు, ఎలక్ట్రీషియనును పిలిచి గోడప్లగ్గులోని మూడవ రంధ్రమునకు ఎర్తు తగిలియున్నదో లేదో చూపింపవలెను.