సంచిలో కెమెరా... జారిపోయే నవ్వు!

కొండెక్కేటప్పుడు కెమెరా ఎక్కడుండాలి? మంచుకొండల మీద జారేవాళ్లు ఎప్పుడో తేల్చుకున్న ప్రశ్న ఇది. ఆదోని కొండ ఎక్కే మనకూ ఆ జవాబు పనికొస్తుంది.

ఉదయం ఆరున్నర. రణమండల ఆంజనేయస్వామి దర్శనానికి ఓ కుటుంబం ఆదోని కొండెక్కుతోంది. సగం దూరం వచ్చాక ఆయాసం తీర్చుకోవడానికి తాత ఓ బండమీద కూర్చున్నాడు. మనవరాలు ఓణీ చెంగుతో ఆయన నుదురు తుడిచింది. తాత నవ్వాడు. వెనకాల లేత ఎండ, కింద పొగమంచులో ఊరు. 'ఆగండాగండి' అంటూ కొడుకు వీపుమీది సంచి దించాడు. జిప్పు లాగాడు. టిఫిన్ డబ్బా తీశాడు. నీళ్లసీసా తీశాడు. అడుగున తువ్వాలు చుట్టిపెట్టిన కెమెరా బయటికొచ్చేసరికి తాత లేచి నాలుగు మెట్లు ఎక్కేశాడు.

'మళ్లొకసారి కూర్చో నాయనా, అట్లే నవ్వు' అంటే కూర్చున్నాడు, నవ్వాడు కూడా. కానీ అది ఫొటో కోసం నవ్విన నవ్వు. అసలు నవ్వు జారిపోయింది!

ఇలాంటి ఫొటో జారిపోని ఇల్లుంటుందా? ఎంత ఖరీదైన కెమెరా కొన్నామన్నది తర్వాతి మాట. క్షణం వచ్చినప్పుడు అది చేతికి ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యం.

మంచు నేర్పిన పాఠం

ఈ ఇబ్బంది బాగా తెలిసినవాళ్లు స్కీయర్లు. కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచువాలుల మీద జారడమే స్కీయింగ్. మనదేశంలో కాశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి దీనికి ప్రసిద్ధి. చాలామంది రోప్‌వేలో పైకెళ్లి, సిద్ధంచేసిన దారుల్లో కిందికి జారతారు. కొందరికి అది చాలదు. రోప్‌వే లేని, దారీతెన్నూ లేని కొండల్లోకి వెళతారు. పలకల అడుగున పట్టునిచ్చే పట్టీలు అతికించుకుని గంటలకొద్దీ ఎక్కుతారు. పైకి చేరాక వాటిని ఊడదీసి నిమిషాల్లో దిగిపోతారు. ముందున్న మిత్రుడు మంచుపొడి ఎగజిమ్ముతూ మలుపు తిరిగే దృశ్యం ఉండేది రెండుమూడు సెకన్లే! ఆ కాస్త సమయంలో చేతికర్రలు మంచులో గుచ్చి, గ్లవ్స్ తీసి, సంచి దించి, కెమెరా పట్టుకోవడం అయ్యే పనేనా? పైగా వాలుమీద దించిన సంచి జారిందంటే అంతే సంగతులు.

అందుకే వాళ్లలో చాలామంది కెమెరాను వీపునుంచి ఛాతీమీదికి తెచ్చుకున్నారు. ఛాతీకి బిగుతుగా కట్టుకునే చిన్న సంచి, లేదంటే నడుముకు పెట్టుకునే సంచి... రెండింటి సూత్రమూ ఒకటే. ఒక్క చేత్తో తీయగలగాలి, ఒక్క చేత్తో పెట్టగలగాలి.

అమెరికాకు చెందిన గేలెన్ రోవెల్ (1940-2002) పర్వతారోహకుడు, స్కీయర్, పేరున్న ఫొటోగ్రాఫర్. బరువైన పరికరాలను పక్కనపెట్టి, చిన్న 35 ఎంఎం కెమెరాతో కొండల్లో పరుగులు పెట్టేవాడు. 1981లో టిబెట్‌లోని లాసాలో ఆయనకు ఇంద్రధనుస్సు కనిపించింది. అది పొటాలా ప్యాలెస్ మీదే దిగినట్లు కనిపించే చోటుకోసం కెమెరాతో పరుగందుకున్నాడు. 3,600 మీటర్లకు పైబడిన ఎత్తులో, గాలే పలుచగా ఉండేచోట! ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫొటోల్లో అదొకటి.

అంతకు చాలా ముందే, 1953 మే 29న ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ తన కెమెరాను ఎక్కడ దాచుకున్నాడో తెలుసా? చొక్కా లోపల! చలికి మొరాయించకుండా ఒంటి వేడి తగిలేలా. టెన్జింగ్ నార్గే శిఖరంమీద ఐస్ గొడ్డలి ఎత్తి నిలబడ్డ ఆ ఫొటో అలా గుండెకు దగ్గరగా వెళ్లిన కెమెరా తీసిందే.

మన కొండలకు మన పద్ధతి

ఆదోనిలో మంచు లేదు. రాళ్లున్నాయి. విజయనగర రాజుల చేతినుంచి బీజాపూర్ సుల్తాన్ల చేతికి, తర్వాత మొగలుల చేతికి వెళ్లి, 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడికి లొంగిన కోట ఇది. ఊరిపక్క గుట్టల మీద దాని గోడలు నేటికీ కనిపిస్తాయి. మెట్లున్నంతవరకూ ఇబ్బంది లేదు. గుండ్లమధ్య నుంచి, కూలిన గోడలమీదుగా వెళ్లాలంటే మాత్రం రెండు చేతులూ ఖాళీగా ఉండాల్సిందే.

మెడలో వేలాడే కెమెరా ఇక్కడ పనికిరాదు. వంగితే ఊగుతుంది, రాతికి తగులుతుంది. పట్టీని భుజానికి అడ్డంగా వేసుకుని, కెమెరా ఊగకుండా ఇంకో పట్టీతో నడుముకు కట్టుకుంటే కొంత నయం. ఛాతీ సంచి అయితే ఇంకా మేలు. దానికోసం పెద్ద దుకాణాలకే వెళ్లనక్కర్లేదు. ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, చేనేతకు పేరుబడ్డ ఎమ్మిగనూరు ఉంది. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. దళసరి నూలుగుడ్డ, లోపల పలుచటి స్పాంజి, పైన జిప్పుకు బదులు మూత, రెండు వెడల్పాటి పట్టీలు... ఈ నాలుగూ ఉంటే మీ వీధి దర్జీ కుట్టివ్వగలడు. మూత ఒంటివైపు కాకుండా బయటివైపు తెరుచుకునేలా కుట్టమనండి.

చేతిలో సెల్‌ఫోనే కెమెరా అయితే చొక్కా పైజేబులో పెట్టొద్దు. వంగగానే జారేది అక్కడినుంచే. జిప్పున్న జేబులో పెట్టి, ఫోన్ కవరుకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవాలి. తాళం తీయకుండానే కెమెరా తెరుచుకునే మార్గం చాలా ఫోన్లలో ఉంటుంది. కొండ కిందే ఓసారి అలవాటు చేసుకుంటే పైన తడుముకోవాల్సిన పని ఉండదు.

మంచుకొండల్లో చలికి బ్యాటరీ నీరసిస్తుంది. అందుకే అక్కడ అదనపు బ్యాటరీని లోపలిజేబులో దాస్తారు. మనకు ఎండతో పేచీ. చాలా ఫోన్లు 35 డిగ్రీల లోపు వాడటానికే తయారయ్యాయి. మన వేసవి 40 దాటుతుంది. బండమీద ఎండలో పెట్టిన ఫోన్ 'వేడెక్కాను' అంటూ ఆగిపోవడం అందుకే. ఇక నల్లరేగడి దుమ్ము, చెమట... ఈ రెండూ లెన్సుకు శత్రువులే. సంచిలో ఓ మెత్తటి నూలుగుడ్డ వేసుకోవాలి. ఒంటికి తగిలేవైపు ప్లాస్టిక్ కాగితం పెడితే చెమట లోపలికి దిగదు. కొండగుడి దగ్గర కోతులుంటే మూత వేసే ఉంచాలి!

కాళ్లు ఆగాకే కన్ను

చేతికి అందేలా ఉందికదా అని ప్రతి అడుగులోనూ తీయబోతే అసలుకే మోసం. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా వచ్చిన వార్తలను మనదేశపు వైద్యులు లెక్కగట్టి 2018లో ఓ అధ్యయనం ప్రచురించారు. సెల్ఫీలు తీసుకుంటూ ప్రపంచవ్యాప్తంగా చనిపోయినవారు 259 మంది. దేశాల వరసలో మొదటిది మనదే! నీళ్లలో మునగడం, బండి గుద్దడం, ఎత్తునుంచి పడటం... ఇవీ ప్రధాన కారణాలు.

స్కీయర్లకు ఇక్కడా ఓ క్రమశిక్షణ ఉంది. మంచుచరియలు విరిగిపడే వాలుమీద ఆగరు. పక్కకు తప్పుకుని, నిలదొక్కుకుని, అప్పుడే కెమెరా తీస్తారు. మంచులో కూరుకుపోతే ఆచూకీ తెలిపే పరికరం ఒకటి ఒంటికి కట్టుకుంటారు. కెమెరా, ఫోన్ దాని సంకేతాలకు అడ్డొస్తాయి కాబట్టి కనీసం 20 సెంటీమీటర్లు ఎడంగా ఉంచుతారు. మిత్రుడికోసం వెతికేటప్పుడైతే అర మీటరు. ప్రాణం ముందు, ఫొటో తర్వాత అన్నమాట.

ఆదోని గుండ్లమీదా సూత్రం అదే. ముందు కాళ్లు ఆగాలి, వీపు రాతికి ఆనాలి, అప్పుడు కెమెరా తీయాలి. కంటికి కెమెరా పెట్టుకుని ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం లాంటి గుంపుల్లోకి వెళ్లేవాళ్లు మెడలో పట్టీ ఉంచుకోకపోవడం మంచిది. ఎవరి చేతికో చిక్కితే ఉరితాడవుతుంది.

ఇంకొక్క మాట. ఎవరెస్టు శిఖరంమీద టెన్జింగ్ ఫొటో ఉంది. కెమెరా హిల్లరీ చేతిలో ఉంది కాబట్టి అక్కడ హిల్లరీ ఫొటో లేదు! ఇంటి ఆల్బమ్‌లోనూ అంతే, ఫొటోలు తీసినవాళ్లే కనిపించరు. ఈసారి కొండెక్కినప్పుడు కెమెరాను సంచి అడుగునుంచి ఛాతీమీదికి తెచ్చుకోండి. పైకెళ్లాక మీరు తాత పక్కన కూర్చుని, దాన్ని మనవరాలి చేతికివ్వండి. ఆయన ఎప్పుడు నవ్వుతాడో ఆ పిల్లకు బాగా తెలుసు!